యుద్ధం అమ్మి ఊరిని పోషించిన ప్రభువు: ఉర్బినో డ్యూక్ ఫెదెరీకో జమాఖర్చు

1482లో వెనిస్, పోప్ ఏకమై ఫెరారా రాజ్యం మీదికి వచ్చారు. ఫెరారాను నిలబెట్టడానికి మిలాన్, ఫ్లోరెన్స్, నేపుల్స్ ఉమ్మడిగా ఒక సేనానిని కుదుర్చుకున్నాయి. ఒప్పందం లెక్క ఇది: యుద్ధం జరిగే ఏడాదికి 1,65,000 డుకాట్లు, యుద్ధం లేని ఏడాదికి 65,000. యుద్ధకాలపు మొత్తంలో 45,000 సేనాని సొంతానికి, మిగిలింది సైన్యానికి. ఒక్కో డుకాటులో దాదాపు మూడున్నర గ్రాముల మేలిమి బంగారం ఉంటుంది. అంటే ఆయన సొంత వాటా ఒక్కటే 150 కిలోల బంగారం దాటుతుంది. ఇంటిపట్టున ఉంటే చాలు, 80,000 ఇస్తామని వెనిస్ కబురు పెట్టిందని, ఆయన జీవితాన్ని రాసిన పుస్తక వ్యాపారి వెస్పసియానో దా బిస్తిచ్చి చెబుతాడు.

అప్పటికి ఆ సేనానికి అరవై ఏళ్లు. కుడి కన్ను 1450లో ఒక పోటీ పోరులో పోయింది. 1477లో శాన్ మరీనోలో పడి కాలు దెబ్బతింది. అయినా ఆయన ఊరికే కూర్చోవడానికి కూడా ఒక మహానగరం అంత సొమ్ము ఇవ్వజూపిందంటే, ఆ కాలపు ఇటలీలో ఫెదెరీకో దా మోంతెఫెల్త్రో పేరుకు ఎంత ధర పలికేదో తెలుస్తుంది.

ఆయన రాజ్యం ఉర్బినో మాత్రం పేదది. మధ్య ఇటలీలో అపెనైన్ కొండల తూర్పు వాలు మీద, రాళ్లూ లోయలూ గొర్రెల మేతలూ ఉన్న సీమ. రేవు లేదు, పెద్ద బ్యాంకులు లేవు, ఫ్లోరెన్స్ లాంటి ఉన్ని పరిశ్రమ లేదు. అటువంటి చోట ఇటలీలోకెల్లా అందమైన రాజభవనాల్లో ఒకటి లేచింది. దాదాపు 900 చేతిరాత పుస్తకాల గ్రంథాలయం వెలిసింది. కళాచరిత్ర పుస్తకాలు ఆ భవనాన్నీ, బొమ్మలనూ వర్ణించి ఊరుకుంటాయి. వాటికి డబ్బు ఎక్కడిదన్నది ముందు తేల్చుకుంటే తప్ప ఫెదెరీకో పాలన అర్థం కాదు. ఆ డబ్బు పొలాల్లోంచి రాలేదు. ‘కొందొత్తా’ అనే కాగితంలోంచి వచ్చింది.

గుమ్మం దగ్గరే కుదిరిన షరతులు

ఫెదెరీకో 1422 జూన్ 7న గుబ్బియోలో పుట్టాడు. ఉర్బినో కౌంట్ గుయిదాంతోనియోకు వివాహేతర సంతానం. వారసుడు లేని తండ్రి కోరిక మీద పోప్ మార్టిన్ 5 ఆ బిడ్డను 1424లో సక్రమ సంతానంగా గుర్తించాడు. తర్వాత తండ్రి రెండో పెళ్లి చేసుకోవడం, 1428 ప్రాంతంలో ఒద్దాంతోనియో పుట్టడంతో ఫెదెరీకో వారసత్వం వెనక్కి పోయింది. పదకొండో ఏట రాజకీయ పూచీ కింద వెనిస్‌కు, అక్కణ్ణించి మాంతువాకు వెళ్లాడు. మాంతువాలో విత్తోరినో దా ఫెల్త్రె నడిపిన బడి ఆయన జీవితానికి పునాది. లాటిన్, గణితం, సంగీతంతో పాటు గుర్రపుస్వారీ, వ్యాయామం అక్కడ పాఠాలే. రాజుల పిల్లలూ పేద పిల్లలూ ఒకే గదిలో చదివేవారు. పదహారో ఏడు వచ్చేసరికి ఆయన నికోలో పిచ్చినీనో అనే సేనాని కింద కొలువులో ఉన్నాడు. 1441లో ఎవరూ ఎక్కలేరనుకున్న శాన్ లెయో కొండకోటను పట్టి పేరు తెచ్చుకున్నాడు.

1443లో తండ్రి పోయాక ఒద్దాంతోనియో గద్దెనెక్కాడు, పోప్ అతణ్ణి డ్యూక్‌ను చేశాడు. ఏడాదిన్నర తిరగకుండానే, 1444 జూలై 22 రాత్రి, పన్నులతోనూ దౌర్జన్యాలతోనూ విసిగిన పట్టణవాసులు అతణ్ణీ, ఇద్దరు సలహాదారులనూ ఇంట్లోనే చంపేశారు. మర్నాడు ఫెదెరీకో నగరద్వారం దగ్గరికి వచ్చాడు. తలుపులు వెంటనే తెరుచుకోలేదు. ప్రజలు ముందు షరతులు పెట్టారు: హత్య చేసినవాళ్ల మీద పగ తీర్చుకోకూడదు, పన్నులు తగ్గించాలి, పట్టణ అధికారులను ఎన్నుకునే హక్కు ఉండాలి, ప్రభుత్వ ఖర్చుతో వైద్యులనూ బడిపంతులునూ పెట్టాలి. ఆయన ఒప్పుకుని సంతకం చేశాకే లోపలికి అడుగుపెట్టాడు. హత్యలో ఆయన చెయ్యి ఉందా అన్న అనుమానం అప్పుడే పుట్టింది; తేల్చే రుజువు లేదు.

ఆ షరతుల్లో పన్నుల సంగతి మిగతా పాలనంతటికీ కీలకం. పన్ను పెంచితే తమ్ముడి గతి పడుతుందని కళ్లారా చూసినవాడు, పెంచకుండా రాజ్యం నడపాలంటే రాబడి బయటి నుంచే రావాలి. ఉర్బినోలో ఎగుమతి చెయ్యదగ్గ సరుకు కొండల్లో పెరిగిన గట్టి మనుషులు, వాళ్లను నడిపించే నాయకుడు. ఫెదెరీకో ఆ సరుకునే ముప్ఫై ఎనిమిదేళ్లు అమ్మాడు.

కొందొత్తా పనిచేసే తీరు

కొందొత్తా అంటే సైన్యాన్ని గుత్తకు తీసుకునే ఒప్పందం. దాన్ని తీసుకున్న సేనానే కొందొత్తియెరె. అది నోటిమాట కాదు. నోటరీ రాసిన పత్రం, అంశాలు అంశాలుగా ఉంటుంది.

మొదటిది గడువు. ఇందులో రెండు ముక్కలు. ఒకటి ఖాయం గడువు, అంటే ఆరు నెలలో ఏడాదో తప్పనిసరి కొలువు. రెండోది యజమాని ఇష్టాన్ని బట్టి పొడిగింపు. రెండో ముక్కలోనే సేనానికి ఇరకాటం. పొడిగిస్తారో లేదో తెలిసేదాకా వేరొకరితో బేరం కుదుర్చుకోలేడు, సైన్యాన్ని విడగొట్టలేడు.

తర్వాత బలం లెక్క. లెక్కపెట్టేది మనుషులను కాదు, ‘లాంచా’లను. ఒక లాంచా అంటే మామూలుగా ముగ్గురు: నిలువెల్లా ఉక్కు కవచం తొడిగిన రౌతు, అతని సహాయకుడు, ఒక కుర్రాడు. గుర్రాలూ మూడు రకాలు: యుద్ధానికి బరువైన జాతిగుర్రం, సహాయకుడికి ఒకటి, సామాను మోయడానికి నాసి గుర్రం. కాల్బలానికి వేరే లెక్క.

ఒప్పందం కుదరగానే సేనానికి బయానా ముడుతుంది. గుర్రాలు కొనాలి, కవచాలు బాగుచేయించాలి, మనుషులకు ముందు జీతం ఇవ్వాలి. ఈ బయానాను తర్వాతి నెలల జీతంలోంచి కోసుకుంటారు. మోసం ఎక్కువగా జరిగేది ఇక్కడే. వంద లాంచాలకు బయానా పుచ్చుకుని డెబ్బై తెచ్చేవాళ్లు ఉండేవారు. అందుకే యజమాని తరఫున హాజరు అధికారులు వచ్చేవారు. గుర్రం రంగు, మచ్చలు పద్దులో రాసి, తొడ మీద ముద్ర కాల్చేవారు. లేకపోతే అదే గుర్రం పొద్దున ఒక దళంలోనూ సాయంత్రం ఇంకో దళంలోనూ కనిపించేది. లెక్కకు తగ్గిన ప్రతి గుర్రానికీ జీతంలో కోత.

దోపిడీ సొమ్ముకూ అంశం ఉంది. దాడి చేసి పట్టిన ఊళ్లో కదిలే వస్తువులు సైనికులవి. కోటలు, భూములు, పట్టుబడ్డ పెద్ద తలకాయలు యజమానివి. ఊరు ముందుగానే లొంగిపోతే సైనికులకు ఏమీ దక్కదు. ఈ చిన్న అంశం 1472లో ఎంత పెద్ద ఘోరానికి దారితీసిందో కింద చూద్దాం.

ఒప్పందాలు చెడిపోయేది ఎక్కువగా జీతం బకాయిల దగ్గర. నగరాలు ఒప్పుకున్నంత తేలిగ్గా చెల్లించేవి కావు. రెండు నెలలు ఆలస్యమైతే రౌతు గుర్రాన్ని తాకట్టు పెడతాడు, మూడో నెలలో అమ్ముతాడు, నాలుగో నెలలో కాపాడవలసిన పల్లెనే దోచుకుంటాడు. రాజ్యం లేని సేనాని దీన్ని ఆపలేడు. ఫెదెరీకోకు సొంత రాజ్యం ఉంది. దాని పూచీ మీద అప్పు తెచ్చి మనుషులకు సర్దగలడు. పైగా ఆయన దళంలో చాలామంది సొంత ప్రజలే; తిరిగి వెళ్లవలసింది ఆయన పాలించే ఊరికే కనుక పారిపోవడం తక్కువ. వాళ్ల జీతం కూడా చివరికి ఉర్బినో సంతల్లోనే ఖర్చయ్యేది. ఆయనకు మంచి ధర పలకడానికి యుద్ధవిద్యతో పాటు ఇది ముఖ్య కారణం. ఆయన ఎన్నడూ ఓడలేదని పొగిడేవాళ్లు రాశారు గానీ, 1460లో శాన్ ఫ్లవియానో దగ్గర పిచ్చినీనో కొడుకు జాకొపోతో జరిగిన పోరు గెలుపని చెప్పుకోదగ్గది కాదు, నష్టం బాగా జరిగింది. యజమానులు కొన్నది ఒప్పందం మాట తప్పని మనిషిని.

ఇంకొక మెలిక. 1454లో లోది సంధి జరిగి పెద్ద రాజ్యాల మధ్య శాంతి కుదిరింది. కిరాయి సేనానులకు ఇది దెబ్బ కావాలి. ఫెదెరీకోకు మాత్రం కలిసొచ్చింది. యుద్ధం రాకుండా ఉండాలంటే మంచి సేనాని ఎదుటివాడి చేతికి చిక్కకూడదు. అందుకని నేపుల్స్ రాజు, తర్వాత మిలాన్ కూడా, శాంతికాలపు జీతం ఇచ్చి ఆయన్ని అట్టే పెట్టుకున్నారు. కత్తి దుయ్యకుండా ఏడాది గడిచినా ఖజానాకు రాబడి తగ్గలేదు.

పక్కింటి శత్రువు

ఫెదెరీకో పొరుగు రాజ్యం రిమిని. దాని ప్రభువు సిజిస్మోందో మలతెస్తా కూడా పేరున్న సేనానే. 1445లో ఫోసోంబ్రోనె పట్టణాన్ని మలతెస్తాల్లోనే మరో శాఖవాడి దగ్గర 13,000 ఫ్లోరిన్లకు ఫెదెరీకో కొన్నాడు. తనకు రావలసిన ఊరు ఎగరేసుకుపోయాడని సిజిస్మోందో పగబట్టాడు. ఆ వైరం పద్దెనిమిదేళ్లు సాగింది. 1462లో సెనిగాల్యా దగ్గర, 1463లో ఫానో ముట్టడిలో పోప్ పియస్ 2 సేనానిగా ఫెదెరీకో అతణ్ణి దెబ్బతీశాడు. సిజిస్మోందోకు చివరికి రిమిని నగరం తప్ప పెద్దగా ఏమీ మిగల్లేదు.

ఇక్కడ చాలా కథనాలు ఆగిపోతాయి. అసలు తెలివి దీని తర్వాత కనిపిస్తుంది. 1468లో సిజిస్మోందో చనిపోగానే పోప్ పాల్ 2 రిమినిని నేరుగా తన కిందికి తెచ్చుకోవాలని చూశాడు. ఫెదెరీకో పోప్‌కు సామంతుడు. అయినా 1469 ఆగస్టులో ములజ్జానో దగ్గర పోప్ సైన్యాన్నే ఓడించి, శత్రువు కొడుకు రొబెర్తో మలతెస్తాకు రిమినిని నిలబెట్టాడు. తర్వాత తన కూతురు ఎలిసబెత్తాను అతనికే ఇచ్చి పెళ్లి చేశాడు. బలహీనుడైన పొరుగువాడు మేలు; పోపే పొరుగువాడైతే రేపు వంతు ఉర్బినోది.

కూతుళ్ల పెళ్లిళ్లన్నీ ఇదే పద్ధతిలో నడిచాయి. కొత్త పోప్ సిక్స్టస్ 4 తమ్ముడి కొడుకు జొవాన్ని దెల్లా రోవెరెకు జొవాన్నాను ఇవ్వడానికి మాట కుదిరింది. అది 1474. ఆ ఏడు ఆగస్టులోనే ఫెదెరీకోకు డ్యూక్ బిరుదు వచ్చింది. తమ్ముడితో పోయిన బిరుదు ముప్ఫై ఏళ్ల తర్వాత తిరిగి ఇంటికి చేరింది. అంతవరకూ ఆయన కౌంట్ మాత్రమే. అదే ఏడు ఇంగ్లండ్ రాజు గార్టర్ గౌరవాన్నీ, నేపుల్స్ రాజు ఎర్మిన్ గౌరవాన్నీ ఇచ్చారు.

ఆయన లేనప్పుడు ఎవరు పాలించారు

ఏడాదిలో సగం కాలం గుడారాల్లో ఉండే ప్రభువు రాజ్యం ఎలా నడిచింది? 1460లో పెళ్లి చేసుకున్న రెండో భార్య బత్తిస్తా స్ఫోర్జా దానికి మొదటి జవాబు. పెసారో ప్రభువు కూతురు, పెళ్లినాటికి పద్నాలుగేళ్లు. లాటిన్‌లో ధారాళంగా ప్రసంగించేది. భర్త దండులో ఉంటే తీర్పులు, ఉత్తరాలు, ధాన్యం, కోటల కాపలా అన్నీ ఆమె చూసేది. వరసగా ఆడపిల్లలు పుట్టాక 1472 జనవరిలో కొడుకు గుయిదోబాల్దో పుట్టాడు. అదే జూలైలో ఆమె కన్నుమూసింది. పియెరో దెల్లా ఫ్రాంచెస్కా వేసిన జంట చిత్రంలో వాళ్లిద్దరూ ఎదురెదురుగా ఉంటారు. ఆయన ఎడమ చెంప మాత్రమే కనిపిస్తుంది, కుడి కన్ను పోయినవైపు చూపించకుండా. ఆమె ముఖం పాలిపోయి ఉంటుంది.

రెండో జవాబు ఒత్తవియానో ఉబల్దీని. లోకానికి బంధువు, చాలామంది చరిత్రకారుల లెక్కలో రక్తం పంచుకున్న సోదరుడు. దివాణం, కొనుగోళ్లు, కళాకారులతో బేరాలు ఇతని చేతి మీదుగా నడిచేవి. ఈ ఇద్దరినీ పక్కన పెట్టి ఉర్బినో వైభవాన్ని ఒక్క ఫెదెరీకో ఖాతాలో రాయడం అన్యాయం.

భవనం, కోటలు, పుస్తకాలు

1468 జూన్ 10న లుచియానో లౌరానా అనే డాల్మేషియా వాస్తుశిల్పికి ఫెదెరీకో ఇచ్చిన అధికారపత్రం నేటికీ ఉంది. వాస్తువిద్య అంకగణితం మీదా రేఖాగణితం మీదా నిలిచిందని అందులో చెప్పి, పనివాళ్లంతా అతని మాట వినాలనీ, వినకపోతే తీసెయ్యవచ్చనీ, జీతంలో కోత పెట్టవచ్చనీ రాశాడు. మేస్త్రీల కింద ఒకడిగా ఉన్న వాస్తుశిల్పిని మేస్త్రీల పైన కూర్చోబెట్టిన కాగితమిది.

భవనంలో సందర్శకులు చూసేది పై అంతస్తులు. అసలు పనితనం నేల కింద ఉంది. వంటశాలలు, స్నానపు గదులు, బట్టలుతికే చోటు, గుర్రాలకొట్టాలు, నీటి కాలువలు అన్నీ కొండవాలులో తొలిచిన అంతస్తుల్లో అమర్చారు. మంచును నిల్వ చేసే గది కూడా ఉంది: చలికాలంలో పైనున్న తోటలో పడ్డ మంచును ఒక కన్నం గుండా కిందికి తోసి, ఎండాకాలం దాకా ఆహారం చల్లగా ఉంచేవారు. 1472లో లౌరానా వెళ్లిపోయాక సియెనా నుంచి వచ్చిన ఫ్రాంచెస్కో ది జోర్జో మర్తీని కొండ కింద 300 గుర్రాలకు కొట్టం కట్టాడు. గుర్రం మీదే పైకి రావడానికి చుట్టలు తిరిగే వాలుదారి వేశాడు. దివాణంలో 500 మంది దాకా ఉండేవారు. వాళ్ల జాబితాలో భోజనాల వేళ పుస్తకం చదివి వినిపించడానికే ఐదుగురు కనిపిస్తారు.

డ్యూక్ సొంత చదువు గది మాత్రం మూడున్నర మీటర్ల చదరానికి కాస్త తక్కువ. గోడలు రంగురంగుల చెక్క ముక్కలు పొదిగినవి. తెరిచిన అల్మరాలు, పుస్తకాలు, వాద్యాలు నిజంగా ఉన్నట్టు అనిపిస్తాయి, కానీ అంతా చదునైన చెక్కే. ఒక అల్మరాలో విప్పి పెట్టిన కవచం ఉంటుంది. భవనం బయటి గోడ అడుగున యుద్ధయంత్రాలూ బరువులెత్తే యంత్రాలూ చెక్కిన 72 రాతి పలకలు ఉండేవి. ఈ ఇంటికి సొమ్ము ఎక్కణ్ణించి వచ్చిందో డ్యూక్ దాచుకోలేదు. వీధిలో పోయేవాడికి కనపడేటట్టు చెక్కించాడు.

కోటలు మర్తీని చేతి పని. తన చేతిలో డ్యూక్ పనులు ఏకకాలంలో 136 ఉండేవని ఆయనే రాసుకున్నాడు. ఫిరంగులు వచ్చాక ఎత్తైన సన్నటి గోడ పనికిరాదు. గుండు తగిలితే పైభాగం కూలి కింద ఉన్నవాళ్ల మీదే పడుతుంది. అందుకని గోడలను పొట్టిగా, మందంగా, గుండు జారిపోయేట్టు గుండ్రంగా, అడుగు వాలుగా కట్టాడు. మొందావియో, కాల్యి, శాన్ లెయోల్లో ఆ ప్రయోగాలు చూడవచ్చు.

గ్రంథాలయానికి 30,000 డుకాట్లకు పైగా ఖర్చయిందని వెస్పసియానో లెక్క. అచ్చు పుస్తకం ఒక్కటైనా ఉంటే డ్యూక్ సిగ్గుపడేవాడని కూడా రాశాడు. చేతిరాత పుస్తకాలు అమ్మిన వ్యాపారి మాట కనుక కొంచెం తగ్గించి తీసుకోవాలి. నమ్మదగ్గది దివాణం నియమావళి. పుస్తకాల పట్టీ సిద్ధంగా ఉంచాలి, చెమ్మ, పురుగు తగలనివ్వకూడదు, మురికి చేతులవాళ్లకూ తెలివితక్కువవాళ్లకూ అందనివ్వకూడదు, తెలిసినవాళ్లకు మర్యాదగా దగ్గరుండి చూపించాలి, ఎరువిస్తే రాయించుకోవాలి.

రెండు మచ్చలు

వోల్తెర్రా దగ్గర పటిక గని బయటపడింది. బట్టలకు రంగు పట్టాలంటే పటిక కావాలి. ఫ్లోరెన్స్ సంపద అంతా బట్టల మీదే. గని గుత్త తగాదా తిరుగుబాటయింది. లొరెంజో దె మెదిచి ఫెదెరీకోను పంపాడు. 1472 జూన్‌లో, ప్రాణాలకూ ఆస్తులకూ హామీ పుచ్చుకుని వోల్తెర్రా లొంగిపోయింది. సైన్యం లోపలికి వెళ్లగానే దోపిడీ మొదలైంది. హత్యలు, మానభంగాలు జరిగాయి. లొంగిన ఊరు దక్కదన్న ఆ ఒప్పందపు అంశమే సైనికులను రెచ్చగొట్టింది. కానీ దండు మీద తనకున్నంత పట్టు ఇటలీలో ఎవరికీ లేదని పేరు పొందిన సేనాని, ఆ రోజు ఆపలేకపోయానంటే నమ్మడం కష్టం. అక్కడి ఒక యూదు కుటుంబానికి చెందిన హీబ్రూ గ్రంథాలు ఆయన గ్రంథాలయానికే చేరాయి. ఫ్లోరెన్స్ ఆయనకు వెండి శిరస్త్రాణం బహూకరించింది.

ఆరేళ్ల తర్వాత, 1478 ఏప్రిల్ 26న ఫ్లోరెన్స్ ప్రధాన చర్చిలో లొరెంజో తమ్ముడు జూలియానోను పొడిచి చంపారు, లొరెంజో తప్పించుకున్నాడు. పాజ్జి కుట్ర అంటారు దాన్ని. ఫెదెరీకో పాత్ర గురించి ఐదు వందల ఏళ్లు గుసగుసలే. 2001లో మార్చెల్లో సిమొనెత్తా అనే చరిత్రకారుడు, 1478 ఫిబ్రవరిలో ఫెదెరీకో రోములోని తన దూతలకు సంకేతలిపిలో రాసిన ఉత్తరాన్ని విప్పి చదివాడు. కుట్ర ఆయనకు ముందే తెలుసు. ఫ్లోరెన్స్ బయట 600 మందిని సిద్ధం చేశాడు. మాట తప్పని సేనాని అన్న పేరుకు ఇది గట్టి దెబ్బ. అప్పటి యజమాని పోప్ కనుక పోప్ మాట నిలబెట్టాడని వాదించవచ్చు. ఒప్పందం అక్షరాలకు అది సరిపోతుంది. ఆరేళ్ల కిందట తలమీద వెండి టోపీ పెట్టిన ఇంటికి మాత్రం అది ద్రోహమే.

ఒక్కడి మీద నిలిచిన ఖజానా

1482 వేసవిలో పో నది బురదనేలల్లో దండు దిగింది. దోమలు, చెడ్డ నీళ్లు, జ్వరాలు. వెనిస్ ఫిరంగుల కంటే జ్వరం ఎక్కువమందిని తీసింది. డ్యూక్‌కూ జ్వరం తగిలింది. సెప్టెంబరు 10న ఫెరారాలో చనిపోయాడు. అదే రోజు రోములో అల్లుడు రొబెర్తో మలతెస్తా కూడా మరణించాడు. ఆ యుద్ధంలో అతను మామకు ఎదుటి పక్షాన ఉన్నాడు.

గుయిదోబాల్దోకు అప్పుడు పదేళ్లు. చదువులో దిట్ట, మనసున్న ప్రభువు. కానీ చిన్నతనం నుంచే కీళ్లవాతం. గుర్రమెక్కి నెలల తరబడి దండు నడిపే ఒళ్లు కాదు. కొందొత్తాలు దొరికినా తండ్రి ధర పలకలేదు. 1497లో పట్టుబడితే విడిపించుకోవడానికి ఖర్చు తనవైపే పడింది. తండ్రి అమర్చిన ఏర్పాటంతా యుద్ధం రాబడి తెస్తుందన్న లెక్క మీద ఉంది. కొడుకు కాలంలో యుద్ధం ఖర్చయింది. 1502 జూన్‌లో చెజరె బోర్జియా ముందు ఉర్బినో ఫిరంగులను స్నేహంగా అరువడిగి తీసుకున్నాడు, తర్వాత ఉర్బినో మీదికే వచ్చి పడ్డాడు. గుయిదోబాల్దో రాత్రికి రాత్రి పారిపోయాడు.

అక్టోబరులో ప్రజలే తిరగబడి అతణ్ణి వెనక్కి పిలిచారు. 1444 నాటి షరతులు ఆ ఇంటివాళ్లు ఎంతవరకు నిలబెట్టుకున్నారో దీన్నిబట్టి తెలుస్తుంది. కానీ బోర్జియా మళ్లీ వస్తున్నాడని తెలిసింది. కోటల్లో పెట్టడానికి జీతమిచ్చే దండు గుయిదోబాల్దో దగ్గర లేదు. దండు లేని కోట శత్రువుకే ఆశ్రయం. అందుకని రెండోసారి ఊరు విడిచే ముందు, తండ్రి కట్టించిన కోటలను పడగొట్టమని తానే ఆజ్ఞ ఇచ్చాడు.